తాతగారి గురించి నిన్ను మాట్లాడమన్నారంటే కాదనకు అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నీ భార్య వాళ్ళ తాతగారు, ఇక్కడ పశువుల మందలు కాసిన కౌబాయ్, తొంభై రెండేళ్ళు బతికారు, నిండు జీవితమే, అయినా ఆ మనిషి ఇక లేడంటే మనసు ఒప్పుకోవడం లేదు. అంత్యక్రియల్లో కుటుంబం తరఫున నిన్ను మాట్లాడమన్నారని టెన్షన్ పడుతున్నావు, తెలుగువాణ్ణి, కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, కౌబాయ్ గురించి నాకేం తెలుసు మామయ్యా అన్నావు. వాళ్ళు నిన్ను అడిగారంటే నువ్వు వాళ్ళింటి మనిషివైపోయావని అర్థం, కాబట్టి కాదనకు. పశువుల డాక్టరుగా ఈ పశ్చిమ టెక్సాస్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను, ఇలాంటి పెద్దవాళ్ళని చాలామందిని సాగనంపాను, నాలుగైదుసార్లు నేనే లేచి మాట్లాడాను. అందుకని నాకు తెలిసింది చెబుతాను.

ముందు కౌబాయ్ అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మని పక్కన పెట్టు. మనం కృష్ణగారిని గుర్రం మీద తుపాకీతో చూసి పెరిగినవాళ్ళం. ఈయన చేతిలో నేను తుపాకీ ఎప్పుడూ చూడలేదు, చూసిందల్లా ముళ్ళకంచె బిగించే కటింగ్ ప్లేయర్, తాడు, చలికాలంలో గొడ్డలి. పశువుల తొట్టెల్లో నీళ్ళు గడ్డకడితే తెల్లవారకముందే వెళ్ళి పగలగొట్టాలి, లేకపోతే మందకి తాగడానికి చుక్క నీళ్ళుండవు. అరవై ఏళ్ళు ఆ పని చేశారాయన. అది చెప్పు.

ఇక మన సంతాప సభల్లో వాడే మాటలు ఒక్కటి కూడా వద్దు. అజాతశత్రువు, మహామనీషి, తీరని లోటు... నేను మొదటిసారి మాట్లాడినప్పుడు ఇవన్నీ ఇంగ్లీషులోకి మార్చి చదివాను. జనం మర్యాదగా విన్నారు, ఒక్కరి కళ్ళు కూడా తడవలేదు.

ఎలా రాయాలో చూడాలంటే ఫోర్ట్‌వర్త్ దగ్గర వెదర్‌ఫర్డ్‌లో, గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఒక సమాధి రాయి ఉంది. బోస్ ఐకార్డ్ అని, బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక 1866లో పశువుల మందలు తోలే పనిలో చేరిన నల్లజాతి కౌబాయ్. ఆయన 1929లో పోతే, ఆయన పనిచేసిన మందల యజమాని, అప్పటికే తొంభై దాటిన చార్లెస్ గుడ్‌నైట్ ఆ రాయి పెట్టించారు. దాని మీద ఉన్నది దాదాపు ఇదీ: (మందలు తోలుకెళ్ళే) గుడ్‌నైట్-లవింగ్ దారిలో నా దగ్గర నాలుగేళ్ళు పనిచేశాడు, ఏ పనీ ఎగ్గొట్టలేదు, ఏ ఆజ్ఞా మీరలేదు, మంద బెదిరి పరుగెత్తినప్పుడు ఎన్నోసార్లు నాతో కలిసి స్వారీ చేశాడు, కమాంచీ ఆదివాసీలతో మూడు పోరాటాల్లో పాల్గొన్నాడు, మెచ్చుకోదగ్గ నడవడి. అంతే. పొగడ్త చివర ఒకే ఒక్క మాట, ముందున్నదంతా ఆ మనిషి చేసిన పనులే. నాకు ఆ రాయి ముందు నిలబడితే గొంతు పట్టేసింది. కానీ దాంట్లో ఒక వెలితి కూడా ఉంది, అది కూడా నువ్వు గమనించాలి. మందలు తోలింది కొన్నేళ్ళే, ఆ తర్వాత వెదర్‌ఫర్డ్‌లో భార్యాపిల్లలతో సేద్యం చేసుకుంటూ బతికింది దాదాపు అరవై ఏళ్ళు, ఆ అరవై ఏళ్ళ గురించి రాతి మీద ఒక్క ముక్క లేదు. నువ్వు ఆ తప్పు చెయ్యకు.

అలాగని కౌబాయ్‌గా ఇంత, ఇంటి మనిషిగా ఇంత అని రెండు భాగాలు చెయ్యకు. ఆయనకి అవి రెండూ ఒకటే. ఒక ఫిబ్రవరి రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేశారు, తొలిచూలు ఆవు, దూడ అడ్డం తిరిగింది. బయట మంచు రాళ్ళలా కొడుతోంది. ఇద్దరం కలిసి లాగి బయటికి తీశాం, ఊపిరి ఉందో లేదో అన్నట్టుంది. ఆయన తన కోటు విప్పి దూడకి చుట్టి, పికప్ ముందు సీటు కింద పడుకోబెట్టి హీటర్ పెట్టారు. తెల్లారాక చేతులు కడుక్కుంటూ, టైమైంది డాక్టర్, మనవరాలు స్కూల్లో పాట పాడుతోంది అని బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. వెనక వరుసలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు, చొక్కా చేతుల మీద నెత్తురు మరకలు అలాగే ఉన్నాయి. పాట పాడిన ఆ పిల్లే నీ భార్య. అమ్మాయిని అడుగు, తనకి గుర్తుండే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళని ఆయన ఎలాంటివారు అని అడిగితే చాలా మంచివారు అంటారు, నీ చేతికేమీ రాదు. ఆయన దగ్గర ఏ పని నేర్చుకున్నారు, ఎప్పుడు తిట్లు తిన్నారు అని అడుగు. 1950ల కరువు గురించి పెద్ద కొడుకుని అడుగు, నాన్న నోట విని ఉంటాడు. ఏడేళ్ళు సరైన వానల్లేక, నాగజెముడు మట్టల ముళ్ళని మంటతో కాల్చేసి, ఆ మట్టల్ని పశువులకి మేతగా వేసిన రోజులవి, ఆ కరువు మొదలైనప్పుడు ఈయనకి ఇరవై కూడా సరిగ్గా నిండలేదు.

చొక్కా జేబులో పెట్టుకునే చిన్న నోటు పుస్తకాలుండేవి, ఎన్ని దూడలు, ఎంత వాన అని పెన్సిల్‌తో రాసుకునేవి. పారేయకుండా చూడు. ఒకదాంట్లో ఎద్దుల నంబర్ల మధ్యలో, అమ్మాయి పుట్టిన తేదీ, బరువు రాసి ఉండటం నేను కళ్ళారా చూశాను. ఆ పేజీ దొరికితే అక్కడ చదువు.

పేర్లు మాత్రం రెండుసార్లు సరిచూసుకో. ఒకసారి నేను గుర్రాల గురించి పది నిమిషాలు మాట్లాడి, పోయినాయన పెంచిన సవతి కొడుకు పేరు చెప్పడం మర్చిపోయాను. అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత వెళ్ళి క్షమాపణ అడిగాను, పర్లేదన్నాడు, కానీ నాకిప్పటికీ బాధే. ముందే పోయిన బామ్మగారి పేరు కూడా మొదట్లోనే రావాలి.

ఆరేడు నిమిషాలు చాలు. సమాధి దగ్గర గాలి విపరీతంగా ఉంటుంది, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి అట్టకి క్లిప్ పెట్టుకో. జీను వేసిన ఆయన గుర్రాన్ని ఖాళీగా నడిపించుకొస్తారు, అప్పుడు మాట్లాడకు, అది దాటి వెళ్ళేదాకా ఆగు. ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు.

గురువారం రాత్రికి రాసింది పంపు, చదివి ఫోన్ చేస్తాను. శనివారం పొద్దున మేమిద్దరం వస్తున్నాం. చర్చి హాల్లో భోజనానికి తలా ఒక వంటకం తెస్తారు కదా, మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది, ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా రెండోసారి అడిగి వేయించుకునేవారు.

మీ మామయ్య