పాప్-అప్ క్యాంపర్ షెల్ లోపలి అమరిక: ముందు పైకప్పు దించి బొమ్మ గీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చునే పాప్-అప్ క్యాంపర్‌ను ఖాళీ షెల్‌గా కొన్నారు. పైకి లేచే కప్పు, చుట్టూ గుడ్డ గోడలు, డ్రైవరు క్యాబిన్ మీదికి వచ్చే పడక బల్ల, అంతకుమించి లోపల ఏమీ లేదు. వంట గట్టు, ఫ్రిజ్, భోజనాల బల్ల, హీటరు, టాయిలెట్ అన్నీ మీరే కట్టుకుంటారు. ఉండేది ఇద్దరు మనుషులు, ఒక కుక్క. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గీసిన నమూనా జతచేసి, ఏది ముందు మొదలుపెట్టాలని అడిగారు.

బొమ్మ శ్రద్ధగా గీశారు, కొలతలు కూడా ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. అయితే అందులో కప్పు ఎత్తి ఉంది. అందరూ అలాగే గీస్తారు, ఎందుకంటే కంటికి అందంగా కనిపించే స్థితి అదే. ఇలాంటి షెల్‌ను సొంతంగా కట్టుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను: అదే బొమ్మను కప్పు దించి ఇంకోసారి గీయండి. సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రయాణంలో ఉన్నంతసేపూ కప్పు దిగే ఉంటుంది. దారిలో ఆగి ఫ్రిజ్‌లోంచి పాలు తీయాలన్నా, వానలో ఒక స్వెటరు అందుకోవాలన్నా, కుక్కకు నీళ్లు పెట్టాలన్నా ప్రతిసారీ కప్పు ఎత్తరు. ఈదురుగాలి వీస్తున్నప్పుడు ఎత్తాలనిపించదు కూడా. దించిన కప్పు కింద నిటారుగా నిలబడలేరు, నడుం వంచి తిరగాలి. కాబట్టి మీ బొమ్మలోని ప్రతి వస్తువునూ ఇలా పరీక్షించండి: కప్పు దిగి ఉన్నప్పుడు దీని తలుపు తెరుచుకుంటుందా? వెనక తలుపు దగ్గర నేల మీద నిలబడి చెయ్యి చాపితే అందుతుందా? రోజూ పదిసార్లు వాడేవి ఈ పరీక్షలో నెగ్గి తీరాలి. నెలకోసారి వాడేవి ఓడిపోయినా నష్టం లేదు.

ఈ లెక్కన మీ బొమ్మలోని రెండు వస్తువులు నిలవవు. మొదటిది పక్కగోడ మీద మీరు వేసిన పై అర. గుడ్డ గోడ మడతపడేది సరిగ్గా అక్కడే. కప్పు దిగేటప్పుడు ఆ గుడ్డ ఎటు పోతుందో ఒకసారి లోపల కూర్చుని, ఇంకొకరిచేత మెల్లగా దింపించి చూడండి. వెంటు (కప్పులో గాలి ఆడే కంత), కిటికీలు, తలుపు అన్నీ మూసి దించితే లోపలి గాలికి దారి దొరక్క గుడ్డ బయటికి ఉబ్బుతుంది, అంచుల్లో ఇరుక్కుంటుంది. వెనక తలుపు తెరిచిపెట్టి దించితే లోపలికి ముడుచుకుని గట్టి గోడ పైఅంచు మీద ఒత్తుగా పేరుకుంటుంది. ఆ మడతకు కావలసిన జాగా మీ షెల్‌లో ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి గోడ మీద పెన్సిలు గీత గీయండి. ఆ గీత దాటి ఏ చెక్కముక్కా పైకి రాకూడదు. అక్కడ ఒక స్క్రూ మొన పొడుచుకువచ్చి ఉన్నా చాలు, గుడ్డ చిరగడానికి.

రెండోది మీ ఫ్రిజ్. పైకి మూత తెరుచుకునే పెట్టెరకం ఎంచుకుని వంట గట్టు కింద పెట్టారు. మూత తెరవాలంటే దాన్ని సొరుగులా బయటికి లాగాలి. లాగే పట్టాలు బరువు, లాగాక నడవ మొత్తం మూసుకుపోతుంది. ఆ రకమే కావాలంటే వెనక తలుపు పక్కన, పైన ఏ అడ్డూ లేని చోట పెట్టండి, బయట నిలబడే వాడుకోవచ్చు. ముందుకు తలుపు తెరుచుకునే రకమైతే గట్టు కింద బాగా ఇముడుతుంది, కాకపోతే ఎగుడుదిగుడు దారి తర్వాత తెరిచేటప్పుడు ఒక చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఏ రకమైనా కంప్రెసరు వేడి బయటికి పోవడానికి తయారీదారు చెప్పినంత ఖాళీ వదలండి. ఊపిరాడని ఫ్రిజ్ బ్యాటరీని పీల్చేస్తుంది.

పడక గురించి కూడా ఇప్పుడే చూసుకోండి. దిగిన కప్పుకూ పడక బల్లకూ మధ్య ఉండే ఎత్తే మీ పరుపు మందాన్ని నిర్ణయిస్తుంది. దుప్పట్లు, దిండ్లు పడక మీదే వదిలి కప్పు మూయగలిగితే రోజూ పొద్దున్నే ఒక చాకిరీ తప్పుతుంది. పరుపు కింద గాలి ఆడే జాలీ పొర తప్పకుండా వేయండి. ఇద్దరు మనుషుల ఊపిరిలోని తేమ చల్లని బల్లకు తగిలి నీరవుతుంది, నెల తిరక్కుండా బూజు పడుతుంది.

ఇక బరువు. మీరు ప్రస్తావించలేదు గానీ, అసలు చిక్కు ఇక్కడే ఉంది. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో అందులో రాసి ఉంటుంది. మీ బండికి ఆ అంకె 650 కిలోలు అనుకుందాం. షెల్ 400, మీ ఇద్దరూ 140, కుక్క 25. మిగిలింది 85 కిలోలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే సుమారు 35 కిలోలు తూగుతుంది. మీ బొమ్మకు నా అంచనా ప్రకారం మూడు షీట్లు పడతాయి. అంటే ఫ్రిజ్, నీళ్లు, బ్యాటరీ, బట్టలు, తిండి ఏవీ ఎక్కించకముందే పరిమితి దాటిపోయారు. వెనక గట్టి స్ప్రింగులు, గాలి బెలూన్లు వేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు. వాటివల్ల బండి వెనక కుంగదు, అంతే. స్టిక్కరు మీది అంకె మారదు, బ్రేకులూ ఇరుసూ మారవు.

అందుకే 18 మిల్లీమీటర్ల చెక్క మాట మరచిపోండి. నిలువు పలకలకు 12 మిల్లీమీటర్లు, అరల తలుపులకు 6 మిల్లీమీటర్లు చాలు. మూలల్లో సన్నని కర్ర బద్దలు జిగురుతో అతికిస్తే 12 మిల్లీమీటర్ల పెట్టె మీద ఇద్దరు కూర్చోవచ్చు. కనిపించని చోట్ల పలకల్లో పెద్ద గుండ్రని రంధ్రాలు కోయండి, బరువు తగ్గుతుంది, గాలీ ఆడుతుంది. గాడులున్న అల్యూమినియం కడ్డీలతో చట్రం కట్టే పద్ధతి ఇంకా బాగుంటుంది. ఖర్చు ఎక్కువే గానీ, నచ్చకపోతే బోల్టులు వదులుచేసి జరుపుకోవచ్చు. కోసిన చెక్క మళ్లీ పొడవు పెరగదు కదా.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ అన్నదీ చూడాలి. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ రెండూ నేలకు ఆనుకుని, వెనక ఇరుసుకు ముందువైపు ఉండాలి. లీటరు నీళ్లు కిలో. మీరు గీసినట్లు 75 లీటర్ల ట్యాంకును వెనక తలుపు పక్కన పెడితే బండి ముక్కు లేచి స్టీరింగు తేలికైపోతుంది. నేనైతే ట్యాంకే వద్దంటాను. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, ఒక చేతిపంపు. ఎక్కడైనా నింపుకోవచ్చు, కడుక్కోవచ్చు, చలికాలంలో గొట్టాలు గడ్డకడతాయన్న బెంగ ఉండదు. అంతా పూర్తయ్యాక నీళ్లు నింపి, మీరంతా ఎక్కి, బండిని కాటా మీదికి తీసుకెళ్లండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూకం వేయించండి.

బ్యాటరీ విషయం తేలిక. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ మామూలు వాతావరణంలో రోజుకు సుమారు 30 నుంచి 40 ఆంపియర్-అవర్లు తీసుకుంటుంది. వంద ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అదే సామర్థ్యమున్న లెడ్-యాసిడ్ బ్యాటరీ దానికి రెట్టింపు కంటే ఎక్కువ బరువు, పైగా సగానికి మించి ఖాళీ చేయకూడదు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేయకూడదు కాబట్టి లోపల, వెచ్చగా ఉండే చోట పెట్టండి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి. వైర్లన్నీ చెక్క పని మొదలుకాకముందే లాగేయండి. సౌర ఫలకం కప్పు మీద బిగించేముందు, రోజూ ఆ కప్పును ఎత్తేది మీ చేతులేనని గుర్తుంచుకోండి.

గ్యాసు దగ్గర రాజీ వద్దు. ప్రొపేన్ గాలి కంటే బరువైనది, లీకైతే నేలకు దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండరు పెట్టె లోపలి గదికి పూర్తిగా మూసి ఉండాలి, అడుగున బయటికి రంధ్రం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. స్టవ్ వెలిగించి గది వెచ్చబెట్టుకునే ఆలోచన ఉంటే మానుకోండి. ప్రమాదం సంగతి అటుంచితే, ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అదంతా గుడ్డ గోడల మీద చెమ్మగా పట్టి తెల్లారేసరికి మీ మీద కారుతుంది. బయటి గాలి పీల్చుకుని, పొగను బయటికే వదిలే హీటరు పెట్టించుకోండి.

ఏది ముందు అన్నదానికి వస్తున్నాను. ముందు ఏమీ కట్టకండి. మడత కుర్చీలు, ప్లాస్టిక్ డబ్బాలు, చిన్న స్టవ్, నీళ్ల క్యాను వేసుకుని ఖాళీ షెల్‌లోనే కొన్ని రాత్రులు గడపండి. తడి బూట్లు ఎక్కడ వదులుతున్నారు, ఒకరు వండుతుంటే ఇంకొకరు ఎలా దాటుతున్నారు, కుక్క ఎక్కడ ముడుచుకుంటోంది, ఇవి కాగితం మీద తేలవు. తర్వాత అట్టపెట్టెలు కోసి, టేపుతో అతికించి అసలు కొలతల్లో గట్టూ బెంచీ నిలబెట్టండి. మా ఇంట్లో నాకు ఎదురెదురు కుర్చీలతో భోజనాల బల్ల కావాలి, మా ఆవిడకు కాళ్లు చాపుకునే పొడవాటి బెంచీ కావాలి. వాదన తెగలేదు. రెండూ అట్టతో కట్టి, కప్పు దించి, చెరో కప్పు టీతో కూర్చుని చూశాం. బెంచీ గెలిచింది, ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

అట్ట కుదిరాక వైర్లు, తర్వాత బెంచీ, చివర గట్టు. టాయిలెట్ అంటే ఈ జాగాలో చేత్తో ఎత్తుకెళ్లే చిన్నరకమే. బెంచీ కింద దానికొక గడి వదిలితే పని అయిపోతుంది.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. మీది అల్యూమినియం చట్రమైతే స్క్రూలు, రివెట్ నట్లు (పలుచని లోహంలో బోల్టు పట్టడానికి దిగగొట్టే బోలు నట్లు) చట్రంలోకే దిగాలి. పైనున్న పలుచని రేకు ఏ బరువూ మోయదు. అయస్కాంతంతో వెతికితే అల్యూమినియం దొరకదు కాబట్టి తయారీదారుని అడిగి చట్రం బొమ్మ తెప్పించుకోండి. ఇంకొకటి, షెల్‌ను ట్రక్కు తొట్టికి పట్టి ఉంచే బిగింపు మరలు కొన్ని షెల్లలో లోపలి చిన్న గూళ్లలోంచే అందుతాయి. గతుకుల దారిలో అవి వదులవుతాయి, మళ్లీ బిగించాలి. మీ బొమ్మలో ఎడమవైపు గట్టు సరిగ్గా ఆ గూటి మీదే కూర్చున్నట్లు కనిపిస్తోంది. అక్కడ చెయ్యి, రెంచి రెండూ పట్టేంత తలుపు పెట్టండి, లేదా గట్టునే వెనక్కి జరపండి.

కప్పు దించిన బొమ్మ, స్టిక్కరు మీది అంకె ఇక్కడ పెడితే ఫ్రిజ్ ఎటువైపు బాగుంటుందో కలిసి చూద్దాం.