మేకప్ మానక్కర్లేదు తల్లీ, ముందు ఆ కార్డు సంగతి చూడు

కావలి పక్కన పల్లె నుంచి ఒక చెల్లెలు పెద్ద మెసేజే పెట్టింది. వయసు 26, నెల్లూరులో ఒక ప్రైవేట్ ఆఫీసులో బిల్లింగ్ చేస్తుంది, రోజూ ట్రైన్లో పోయి రావడం, జీతం చేతికి 24,000. మేకప్ అంటే ప్రాణం, చుట్టాల ఇళ్ళల్లో ఓణీల ఫంక్షనైనా ఎంగేజ్‌మెంటైనా ఈ అమ్మాయి బ్యాగ్ పట్టుకుని ముందే పోవాల్సిందే, ఇప్పటిదాకా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలా. తను అడిగింది ఇది: "అక్కా, డబ్బులన్నీ మొహానికి పూసుకుంటున్నావని ఇంట్లో రోజూ గొడవ. మేకప్ మానేయాలా? హైదరాబాద్లో బ్రైడల్ మేకప్ కోర్సు 1,20,000 అంట, ఈఎంఐ ఇస్తామంటున్నారు, చేరనా? అమ్మేమో ఆ డబ్బులకి బంగారం కొనుక్కోమంటుంది." దాంతో పాటు నెల ఖర్చుల లెక్క, తన మేకప్ టేబుల్ ఫోటోలు, తను వేసిన లుక్స్ ఫోటోలు కూడా పంపింది.

ముందు ఫోటోల గురించి చెప్తా. ఆ ఓణీల ఫంక్షన్ లుక్ ఉంది చూడు, కంటి మీద గోల్డ్ షిమ్మర్, సన్నగా లాగిన లైనర్, పెదాలకి ఇటుక రంగు, అది నిజంగా చాలా బావుంది, ఆ పాప మొహం ఆ పాప మొహంలాగే ఉంది, వేరే మనిషిలా అయిపోలా. నీకు చెయ్యి తిరిగింది, అందులో నాకు డౌటేం లేదు, అందుకే ఈ జవాబు మానేయ్ అని ఒక్క ముక్కలో తేల్చే పని కాదు.

ఇప్పుడు నీ లెక్క. ఇంట్లో ఇచ్చేది 8,000, చీటీ 5,000, ట్రైన్ పాసు మధ్యాహ్నం తిండి కలిపి 3,000, మేకప్ సామాన్లు 5,500, క్రెడిట్ కార్డు మినిమమ్ 3,100. కూడితే 24,600. జీతం 24,000. ఆ 600 ఎక్కడి నుంచి వస్తుందో నువ్వు రాయలా, కానీ కార్డులోంచే వస్తుంది, ఇంకెక్కడి నుంచి వస్తుంది, అంటే ప్రతి నెలా అప్పు కట్టడానికి మళ్ళీ అదే కార్డు మీద కొంచెం అప్పు చేస్తున్నావు.

కార్డులో బాకీ 62,000 అన్నావు. స్టేట్‌మెంట్ తీసి చూడు, వడ్డీ నెలకి 3.5 శాతం అని ఉంటుంది, కొన్ని కార్డులకి ఇంకా ఎక్కువ కూడా. 62,000 మీద నెలకి 2,170 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 390, మొత్తం 2,560. నువ్వు కట్టే 3,100లో అసలుకి పోయేది 540 రూపాయలు అంతే. ఇంకోటి చాలామందికి తెలీదు, బాకీ పూర్తిగా కట్టకుండా మినిమం కడతా ఉంటే కొత్తగా కొన్నవాటికి కూడా ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని టైం ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. కాబట్టి సేల్లో ముప్పై శాతం తగ్గిందని కొన్న పాలెట్ ఒక ఏడాది ఆ బాకీలోనే కూర్చుంటే ఆ తగ్గింపు మొత్తం బ్యాంకుకి పోయి పైన ఇంకొంచెం నువ్వే ఇచ్చినట్టు. మీ ఇంట్లోవాళ్ళు మేకప్ మీద కోప్పడుతున్నారు కానీ నెలకి ఆ రెండున్నర వేలు ఎవరి మొహానికీ పూయకుండానే పోతున్నాయి, నాకు బాధగా ఉంది అది చూస్తే.

దీనికి దారి ఉంది. నీకు మూడు సవర్ల గొలుసు ఉందన్నావు. దాన్ని బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకో, ఏడాదికి పది శాతం అటూ ఇటూ వడ్డీకి వస్తుంది, 62,000కి నెలకి ఐదొందల పైచిలుకు. ఆ డబ్బుతో కార్డు బాకీ ఒక్కసారిగా క్లియర్ చెయ్. బ్యాంకులోనే పెట్టు, వీధి చివర వడ్డీ షాపులో వద్దు, రేటు శాతంలో ఎంతో కాగితం మీద చూసుకుని, మధ్యమధ్యలో అసలు కట్టే వీలుందో లేదో అడిగి మరీ పెట్టు. అమ్మ బాధపడుతుంది, నాకు తెలుసు, గొలుసు బ్యాంకుకి పోతుందంటే ఏ అమ్మకైనా మనసు చివుక్కుమంటుంది, కానీ ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు, 2,560 ఎక్కడ 517 ఎక్కడ. ఆ తర్వాత నెలకి 6,000 చొప్పున కడితే పదకొండో నెలకి గొలుసు ఇంటికొస్తుంది. 6,000 ఎక్కడిదంటే, కార్డుకి కట్టే 3,100 మిగులుతుంది కదా, మిగతాది మేకప్ 5,500 నుంచి 2,000కి తగ్గించు. 8,000, 5,000, 3,000, 2,000, 6,000, సరిగ్గా 24,000. టైటుగానే ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ పదకొండు నెలలే. కార్డు లిమిట్ కస్టమర్ కేర్‌కి చెప్పి పదివేలకి దింపించుకో, షాపింగ్ యాప్స్‌లో సేవ్ చేసిన కార్డు నంబర్లు ఈ రోజే తీసెయ్.

రెండు వేలతో మేకప్ ఎట్టా అంటావేమో, నీ టేబుల్ ఫోటో దగ్గరకి రా. నేను దాన్ని జూమ్ చేసి చూశా. అన్ని డబ్బాల్లో అడుగు రేకు కనపడేదాకా అరిగింది ఒక్క కాంపాక్టే, కాటుక పెన్సిల్ బొటనవేలంత మిగిలింది, ఆ ఇటుక రంగు లిప్‌స్టిక్ గొట్టం లోపలికి దిగిపోయింది. ఆ మూడే నువ్వు నిజంగా ఇష్టపడి వాడేవి, మూడూ మన నెల్లూరు చిన్నబజార్‌లో బిల్లుతో దొరికే మామూలు రేటువే. ఆ పక్కనే ఐదు ఫౌండేషన్ సీసాలు, ఐదూ సగం పైనే ఉన్నాయి. ఐదింటికి కలిపి 9,000 దాకా అయిందన్నావు. సీసా 30 మిల్లీలీటర్లు, ఒకసారి మొహానికి అర మిల్లీ అనుకుందాం, నువ్వు ఫుల్ బేస్ వేసుకునేది నెలకి నాలుగుసార్లు అన్నావు, అంటే నెలకి 2 మిల్లీ, ఏడాదికి 24. ఒక్క సీసా కూడా ఏడాదిలో అయిపోదు! సీసా వెనకాల మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అనో 6ఎం అనో ఉంటుంది చూడు, తెరిచాక అన్ని నెలలే వాడాలని, మస్కారా అయితే మూడు నాలుగు నెలలకే మార్చేయాలి. కాబట్టి ఎక్స్‌పైర్ అయ్యేవి ఎప్పుడూ ఒక్కోటే, మినీ సైజు దొరికితే మినీనే, మిల్లీ లెక్కన రేటు ఎక్కువ పడినా సగం పారేసే పెద్ద సీసా కంటే అదే చవక. పౌడర్ రకాలు రెండేళ్ళ దాకా ఆగుతాయి, వాటిలో కొంచెం ఉదారంగా ఉన్నా ఫర్వాలేదు.

నీకు మొహం అద్దంలా మెరిసే గ్లాస్ స్కిన్ లుక్ ఇష్టమని, దానికోసం సీరం, ఇల్యూమినేటర్, డ్యూయీ ప్రైమర్ అన్నీ కొన్నానని రాశావు, మళ్ళీ నువ్వే ట్రైన్ దిగేసరికి మొత్తం జారిపోతుందని కూడా రాశావు. మన సముద్రం పక్క ఉక్కకి, ఆ రోహిణి కార్తె ఎండకి మొహం మెరవడానికి డబ్బు పెట్టక్కర్లేదు కదా తల్లీ, ఇక్కడ డబ్బు పెట్టాల్సింది నిలబడే బేస్‌కి. పలచగా పొరలు పొరలుగా వేసి, పౌడర్ అద్ది, సెట్టింగ్ స్ప్రే కొట్టే పద్ధతి నీకు ఆల్రెడీ తెలుసు, పెళ్ళిపీటల మీద హోమం పొగలో రెండు గంటలు కూర్చునే పెళ్ళికూతురికి కావాల్సింది కూడా అదే.

సేల్ అయిపోతుందేమో అనే భయం గురించి ఒక మాట. నీ డ్రీమ్ లిప్‌స్టిక్ మ్యాక్ రూబీ వూ అన్నావు, అది 1999 నుంచి అమ్ముతున్న షేడ్, ఎస్టీ లాడర్ డబుల్ వేర్ ఫౌండేషన్ 1997 నుంచి ఉంది. ఇవి ఎక్కడికీ పోవు. గొలుసు ఇంటికొచ్చిన నెలలో రూబీ వూ కొనుక్కో, నేనే చెప్తున్నా, కార్డు మీద కాదు, సేవింగ్స్ డబ్బుతో. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఫేస్ పౌడర్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, లిప్‌స్టిక్, ఫౌండేషన్‌కి మాత్రం 18 అట్నే ఉంది, కాబట్టి జీఎస్టీ తగ్గిందనే బోర్డు చూసి లిప్‌స్టిక్ కొనబాక.

ఇప్పుడు కోర్సు. 1,20,000 ఈఎంఐ ఇప్పుడొద్దు. ఆ ఈఎంఐ అకాడమీ ఇచ్చేది కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ నీ పేరు మీద ఇచ్చే లోను, కోర్సు నచ్చక నువ్వు మధ్యలో వచ్చేసినా వాయిదాలు ఆగవు, పైగా హైదరాబాద్లో హాస్టలు, తిండి, పోయిన జీతం అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. నీకు బేసిక్స్ నేర్పక్కర్లేదు, నీకు కావాల్సింది రకరకాల మొహాల మీద పని చేసిన అనుభవం. చాలా జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థ ఉంటుంది, ఆర్‌సెటి అంటారు, పల్లెల్లో ఉండే వాళ్ళకి బ్యూటీ పార్లర్ కోర్సు ఫ్రీగా నేర్పుతారు, నెల పైన పడుతుంది, భోజనం వసతి కూడా వాళ్ళదే, సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో బ్యాంకు లోనుకి దారి సులువవుతుంది. బ్యాచ్ ఎప్పుడో కనుక్కో, ఉద్యోగానికి నెల సెలవు దొరక్కపోతే ఆదివారాలు కావలిలోనో నెల్లూరులోనో బాగా చేసే మేకప్ ఆర్టిస్ట్ దగ్గర అసిస్టెంటుగా పో, డబ్బులివ్వకపోయినా పో, చీర కట్టడం, జడ వేయడం ఆ చేతుల దగ్గరే నేర్చుకోవాలి, మనకి పెళ్ళికూతురు మేకప్ అంటే మొహం ఒక్కటే కాదు కదా.

నీ చీటీకి ఇంకా పదకొండు నెలలుంది, లక్ష చీటీ. గోల్డ్ లోను తీరేదీ అప్పుడే. ఆ చీటీ తొందరపడి పాడబాక, ఎంత తగ్గించుకుని పాడితే అంత నష్టం నీకే, చివరిదాకా ఉంటే కమిషన్ పోను మిగతాది చేతికొస్తుంది. అది రిజిస్టర్ అయిన చీటీయేనా, పాస్‌బుక్ ఉందా, ఒకసారి చూసుకో. అప్పటికి నీకు డబ్బిచ్చే కస్టమర్లు కొంతమంది ఏర్పడి ఉంటే ఆ చీటీ డబ్బులో సగం ప్రొఫెషనల్ కిట్‌కి, సగం నీ అత్యవసరాలకి. అప్పటికీ తక్కువైతే చిన్న వ్యాపారాలకి ఇచ్చే ప్రభుత్వ పథకం ముద్ర లోన్లో శిశు కేటగిరీ కింద 50,000 దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు, అప్పుడు నీ సిబిల్, అంటే అప్పులు సరిగ్గా కట్టావో లేదో చెప్పే స్కోరు, బావుండాలంటే ఇప్పుడు కార్డు సరిచేసుకోవాలి. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ ఫ్రీనే, ఎవరికీ ఫీజు కట్టబాక.

కస్టమర్ల సామాన్లు, నీ సామాన్లు వేరుగా పెట్టు, ఇది గట్టిగా చెప్తున్నా. నీ కాటుక, నీ మస్కారా ఇంకొకరి కంటికి పెడితే కంటి జబ్బులు అంటుకుంటాయి, కాబట్టి మస్కారాకి వాడి పారేసే బ్రష్షులు, లిప్‌స్టిక్‌ని స్పాచులా అనే చిన్న గరిటెతో తీసి ప్లేట్లో పెట్టి వాడటం ఇవన్నీ అలవాటు చేసుకో. డబ్బుకి కూడా ఇదే రూలు. ఇంకో జీరో బ్యాలెన్స్ అకౌంట్ తెరువు, మేకప్ పని మీద వచ్చిన ప్రతి రూపాయీ అందులోకి, కిట్ కొనేదీ అందులోంచే, జీతంలో రెండు వేలు నీ సొంత ముచ్చటకి. బిల్లు లేకుండా సగం రేటుకి దొరికే పెద్ద బ్రాండ్ సరుకు కస్టమర్ మీద వాడబాక, డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఇక్కడ తయారైతే లైసెన్స్ నంబరు, ఫారిన్‌దైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిందే. పెళ్ళికూతురికి పెళ్ళి రోజు ఎలర్జీ వస్తే ఆ మాట ఊరంతా పాకుతుంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలబాక. ఈ పని మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో ఊపిరాడనివ్వదు, ఆషాఢం, పుష్యం వస్తే ఫోను మోగదు, శుక్ర మూఢం పడితే కొన్నిసార్లు రెండు నెలలు దాటి ముహూర్తాలుండవు. సీజన్లో వచ్చినదాంట్లో సగం ఆ ఖాళీ నెలలకి ఆర్‌డీలోనో ఫిక్స్‌డ్‌లోనో పక్కన పెట్టగలిగితే, అట్టా రెండు సీజన్లు గడిస్తే, అప్పుడు ఉద్యోగం గురించి మళ్ళీ మాట్లాడదాం. అమ్మ చెప్పిన బంగారం తప్పేం కాదు, కాకపోతే కార్డు మీద నెలకి మూడున్నర శాతం కడతా బంగారం కొనడంలో అర్థం లేదు, ముందు తాకట్టులో ఉన్న బంగారం విడిపించడమే బంగారం కొన్నట్టు.

చివర్లో అడిగావు, అల్లూరులో ఫ్రెండ్ వాళ్ళ అక్క పెళ్ళికి నిన్నే రమ్మంటున్నారు, డబ్బులెట్టా అడగాలో మొహమాటంగా ఉందని. అడుగు. ఫోన్లో కాదు, వాట్సాప్‌లో రాసి పంపు: మేకప్‌కి ఎంత, చీర, జడకి ఎంత, రిసెప్షన్ లుక్ విడిగా ఎంత, రానుపోను బండి వాళ్ళదా నీదా, ముందుగా ఒక ట్రయల్. నీ సామాను ఖర్చు, దారి ఖర్చు, పోయే సెలవు రోజు జీతం, ఈ మూడూ కూడి దాని మీద నీ చేతి పనికి వేసుకో, నీ జీతం లెక్కన రోజుకి 800 పోతుంది అది మర్చిపోబాక. సగం అడ్వాన్స్, మిగతా సగం మేకప్ మొదలుపెట్టే ముందు, తాళి కట్టాక ఎవరూ ఎవరికీ దొరకరు. దగ్గరోళ్ళని తగ్గించాలనిపిస్తే తగ్గించు, కానీ అసలు రేటు రాసి పక్కన తగ్గించింది రాయి. అడ్వాన్స్ రాగానే కొత్త అకౌంట్లో వేసి, అందులోంచి ఆ పిల్ల స్కిన్ టోన్‌కి సరిపోయే ఫౌండేషన్ మినీ ఒకటి కొను, నీ ఐదు సీసాల్లో ఆ షేడ్ లేకపోతేనే.