ఆ పాముకు పడగ లేదు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. బాగుంది. కానీ నాలుగో పేజీ దగ్గర ఒళ్లు మండిపోయింది. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

తూర్పు కనుమల్లో వెదురు పొద మీదున్న ఆకుపచ్చ పిట్ వైపర్ (పింజర కుటుంబపు విషప్పాము) పడగ విప్పి, పిల్లాణ్ణి గట్టు దాకా తరిమిందని రాశావు. పిట్ వైపర్‌కు పడగ ఎక్కడిది? అది తరమదు కూడా. కొమ్మకు తోక చుట్టుకుని, ఎలకో కప్పో బల్లో అందుబాటులోకి వచ్చేదాకా గంటల తరబడి కదలకుండా కాచుకుంటుంది. ఇది నీకు తెలియనిదేం కాదు. పిల్లాడు కట్టెల మోపు ఇంట్లో పడేసి తిరిగొచ్చినా పాము అదే కొమ్మ మీద, అదే వంపులో ఉందని రెండో పేజీలో నువ్వే రాశావు. కళ్లారా చూసినవాడు రాసే వాక్యం అది. చదివి ఆగిపోయాను. రెండు పేజీలు తిప్పేసరికి ఆ చూసినవాడు ఏమైపోయాడు?

‘పచ్చటి పాము’ అంటే చాలదు. పసరిక పామూ పచ్చగానే ఉంటుంది. దాని ఒళ్లు తీగలా సన్నం, ముక్కు సూదిగా ముందుకు పొడుచుకొస్తుంది, కంటిపాప అడ్డంగా ఉంటుంది, పగలు తిరుగుతుంది. పిట్ వైపర్ అలా కాదు. ఒళ్లు లావు, మెడ సన్నం, తల త్రికోణం, కంటిపాప నిలువు గీత. పసరికకు నెత్తి మీద పెద్ద పెద్ద పొలుసులుంటాయి, దీనికి సన్నటివి. అన్నిటికంటే ముఖ్యం, కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్యనుండే గుంట. దాని లోపలి పల్చటి పొర ఎలక ఒంటి వేడిని పసిగడుతుంది. చిమ్మచీకట్లోనూ వేటు సరిగ్గా పడేది అందుకే. నీ కథలో కాటు పడేది రాత్రిపూట. పిల్లాడికి పాము కనబడదు, పాముకు పిల్లాడి చెయ్యి వేడిగా తెలుస్తుంది. ఇంత టెన్షన్ చేతిలో పెట్టుకుని పడగ కోసం ఎందుకు వెళ్లావు?

పచ్చ పిట్ వైపర్లలో మళ్లీ ఎన్ని రకాలో! రంగు చూసి చెప్పలేక నిపుణులు కూడా పొలుసులు లెక్కపెడతారు. 1796లో స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో విశాఖపట్నం వైపు దొరికిన ఈ పాము బొమ్మ వేయించి, పొలుసుల లెక్కతో సహా అచ్చువేశాడు. దాని ఆధారంగానే 1802లో ఇంగ్లండ్ జంతుశాస్త్రవేత్త జార్జ్ షా శాస్త్రీయ నామం పెట్టాడు. అంత పాతకాలంలో అంత శ్రద్ధ పెట్టారు. కథ రాసేవాడికి అంతకంటే తక్కువ శ్రద్ధ చాలని నేను ఒప్పుకోను.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికకు పసరిక పాము కథ పంపాను. ‘అడ్డగీతలాంటి కంటిపాప’ అన్న మాట కొట్టేసి, ‘విషం చిమ్మే కళ్లు’ అని వేశాడు ఎడిటర్. పక్కన బొమ్మేమో పడగెత్తిన నాగుపాముది. అడిగితే, పాఠకులకు పామంటే అదేనయ్యా అన్నాడు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. పాఠకులకు తెలిసిందే మళ్లీ రాయడానికి మనమెందుకు? ఈమధ్య కథల్లో పాము వస్తే పగకో కామానికో గుర్తుగానే వస్తోంది, పాముగా రావడమే లేదు. నువ్వు ఆ దారి పట్టకు.

ఇక కాటు సంగతి. పిల్లాడు పావుగంటలో నురగ కక్కుకుని పోయాడన్నావు. ఈ పాము కాటుకు మనిషి చనిపోవడం అరుదు. విపరీతమైన నొప్పి, చెయ్యంతా పాకే వాపు, కొందరిలో రక్తం గడ్డకట్టకపోవడం, ఇవీ లక్షణాలు. ‘ఇంజెక్షన్ ఉండుంటే బతికేవాడు’ అని డాక్టరు చేత అనిపించావు. మన దేశంలో మామూలుగా ఇచ్చే యాంటీవీనమ్ (విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలతో తయారవుతుంది. పిట్ వైపర్ అందులో లేదు. అప్పుడు ఆ డాక్టరు ఏం చేస్తాడు? వాపు మోచెయ్యి దాటుతుంటే తల్లి ఎక్కడ కూర్చుంటుంది? రక్తం పరీక్ష ఫలితం కోసం ఎంతసేపు చూస్తారు? నీ కథ అక్కడుంది.

పాముకాటుకు వైద్యం చేసే డాక్టరు దగ్గర ఒక పూట కూర్చుని, ఆస్పత్రి భాగం మొత్తం తిరగరాయి. అయ్యాక నాకే పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య