హైదరాబాద్–లండన్: వెళ్లడానికి ఐదున్నర, రావడానికి పదిహేను గంటలా?

టికెట్‌లో వెళ్లడానికి ఐదున్నర, రావడానికి పదిహేను గంటలు కనిపిస్తోంది, తప్పు పడిందా అని అడిగారు. తప్పు కాదండీ. అందులో ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. మీది జనవరి ప్రయాణం, అప్పుడు రెండు ఊళ్ల గడియారాల తేడా ఐదున్నర గంటలు. ఉదయం 7కి బయల్దేరి, లండన్ హీత్రూ విమానాశ్రయంలో మధ్యాహ్నం 12.30కి దిగుతున్నారు, తేడా కలిపితే 11 గంటలు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు తెల్లవారి 5 వరకు, అంటే 15, తీసేస్తే తొమ్మిదిన్నర.

రెండింటి మధ్య మిగిలిన గంటన్నర తేడా గాలిది. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. చలికాలంలో మరీ జోరు.

నేరుగా దూరం సుమారు 7,750 కిలోమీటర్లు. దాన్ని విమాన వేగం, గంటకు 900 కిలోమీటర్లతో భాగించి ఊరుకోకండి, రన్‌వే దాకా పాకడం, చుట్టుదారులు కూడా టికెట్ సమయంలోనివే. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్‌లో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా నాలుగున్నర గంటలే.