పేటెంట్‌కి పొదుపంతా పెట్టేయాలా?

ప్రశ్న: నేనూ మావారూ చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాం. ఎనిమిది మంది పనివాళ్లు. కాలితో తొక్కి నీళ్లు తోడే పంపు మా తయారీ. వాల్వులో మావారు చేసిన మార్పు వల్ల అది త్వరగా అరగదు. నాలుగేళ్లుగా మమ్మల్ని నిలబెట్టింది అదే. ఈమధ్య ఇంకొకరు అచ్చం అలాంటి పంపునే, ఒక్క అక్షరం తేడాతో మా పేరే పెట్టి అమ్ముతున్నారు. ఏజెంట్‌ను కలిస్తే ఐదు దేశాల్లో పేటెంట్‌కు దరఖాస్తు చేయాలన్నారు. ఆయన చెప్పిన ఖర్చుకి మా పొదుపంతా ఊడ్చుకుపోతుంది. అది ఇంటికీ వర్క్‌షాపుకీ కలిపి ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడే డబ్బు. పక్క దేశం నుంచి ఒక డిస్ట్రిబ్యూటర్ కూడా సరుకు అడుగుతున్నారు. మెరుగైన వాల్వుతో కొత్త మోడల్ సిద్ధమైంది, మూడు నెలల్లో ఎగ్జిబిషన్‌లో పెడదామనుకుంటున్నాం. పొదుపు తీసేయమంటారా? చాలకపోతే అప్పు తేవాలా?

జవాబు: తీయకండి. అప్పు మాట అసలే వద్దు.

ముందుగా, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన మాట ఒకటి నన్ను ఆపేసింది: ‘నాలుగేళ్లుగా’. పేటెంట్ ఇవ్వాలంటే దరఖాస్తు వేసే రోజుకి ఆ విషయం లోకానికి కొత్తదై ఉండాలి. నాలుగేళ్లుగా అమ్ముతున్న పంపును ఎవరైనా కొని, నట్లు విప్పి, లోపల ఏముందో చూసుకోవచ్చు. అంటే అది బయటపడిపోయినట్టే. కొన్ని దేశాలు సొంతదారుకి కొంత గడువు ఇస్తాయి కానీ అది మామూలుగా 6 నుంచి 12 నెలలు, నాలుగేళ్లు ఎక్కడా కాదు. కాబట్టి పాత వాల్వుకు పేటెంట్ దారి దాదాపు మూసుకుపోయింది. ఐదు దేశాల లెక్క వేసిన ఏజెంట్ ‘ఎప్పటి నుంచి అమ్ముతున్నారు’ అని అడగలేదంటే, ఆయన దగ్గర ఇంకో పని పెట్టుకునే ముందు ఒకసారి ఆలోచించండి.

ఇది చెడ్డ వార్తలాగే ఉంటుంది. డబ్బు కోణంలో చూస్తే మాత్రం, దక్కని హక్కు కోసం ఖర్చయ్యే సొమ్ము మీ దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మిమ్మల్ని నిజంగా దెబ్బతీస్తున్నది ఆ పేరు. పేరును కాపాడేది ట్రేడ్‌మార్క్. దానికి కొత్తదనం షరతు లేదు, ఎన్నేళ్లు వాడినా రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ చాలా దేశాల్లో ముందు దరఖాస్తు వేసినవారిదే పేరు, ముందు వాడినవారిది కాదు. ఒక్క అక్షరం మార్చి అమ్ముతున్నవాళ్లు రేపు ఆ కాగితం మీకంటే ముందు వేస్తే, మీ పేరు కోసం మీరే పోరాడాల్సి వస్తుంది. అందుకే మొదటి ఖర్చు ఇదే, అది కూడా ఈ నెలలోనే. వేసే ముందు వైపో అని పిలిచే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో మీ పేరు వెతకండి, అది ఉచితం. సరుకులకూ సేవలకూ కలిపి మొత్తం 45 తరగతులు ఉంటాయి. యంత్రాలు 7లోకి, చేతి పనిముట్లు 8లోకి వస్తాయి. సాధారణంగా రుసుము తరగతి లెక్కన పెరుగుతుంది కాబట్టి ఎవరైనా ఆరేడు తరగతులు రాసిస్తే ఒక్కొక్కటీ ఎందుకో అడగండి.

డిస్ట్రిబ్యూటర్ విషయంలో తొందరపడకండి. ట్రేడ్‌మార్క్ హక్కు దేశం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. నా దగ్గరకు వచ్చే ఒక తయారీదారుడు పక్క దేశానికి సరుకు పంపడం మొదలుపెట్టాక రెండేళ్లకు తెలుసుకున్నాడు, అక్కడ తన పేరు డిస్ట్రిబ్యూటర్ పేరు మీద రిజిస్టరై ఉందని. ‘మీ మేలు కోసమే చేశాను సార్’ అన్నాడట ఆయన. మేధో సంపత్తి మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం ప్రకారం అలాంటి రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని అడగొచ్చు, కానీ అడగడానికి లాయరు, లాయరుకు ఫీజు. చివరికి డబ్బిచ్చి తన పేరు తానే కొనుక్కున్నాడు. మీరు మొదటి పెట్టె పంపే ముందే ఆ దేశంలో మీ పేరు మీద దరఖాస్తు పడాలి. సొంత దేశంలో వేసిన తేదీ నుంచి 6 నెలల్లోపు వేస్తే అక్కడా మొదటి తేదీయే లెక్కకొస్తుంది. ఆ ఒక్క దేశం చాలు. నాలుగైదు దేశాలకు వెళ్లేటప్పుడు మాడ్రిడ్ పద్ధతిలో ఒకే దరఖాస్తు గురించి ఆలోచించవచ్చు. మీది ఐక్యరాజ్య సమితి అత్యల్ప అభివృద్ధి దేశాల జాబితాలో ఉంటే, ఆ పద్ధతిలో మూల రుసుము పదో వంతే. ఆఫ్రికాలో 17 దేశాల మేధో సంపత్తి కూటమి ఓఏపీఐలాంటి చోట్ల ఒక్క రిజిస్ట్రేషన్ సభ్యదేశాలన్నింటికీ వర్తిస్తుంది.

ఇంకో చిన్న పని, ఖర్చు దాదాపు లేనిది. మీ లోగో ఎవరు గీశారు? డబ్బులిచ్చాం కదా మాదే అనుకుంటారు అందరూ. బయటి మనిషితో గీయించుకుంటే, రాసి ఇవ్వకపోతే చాలా దేశాల్లో కాపీరైట్ గీసినవారిదే. వారిచేత ఒక పేజీ బదిలీ పత్రం రాయించుకుని సంతకం చేయించండి. పనివాళ్ల నియామక పత్రాల్లో కొలతలూ డ్రాయింగులూ బయటపెట్టకూడదన్న మాట చేర్చండి. వ్యాపార రహస్యంగా కాపాడుకోవాలంటే, మీరు దాన్ని రహస్యంగా ఉంచడానికి ప్రయత్నించినట్టు కనిపించాలి. డ్రాయింగుల ఫైలు బల్లమీద తెరిచి పడి ఉంటే ఏ కోర్టూ వినదు.

ఇక కొత్త వాల్వు. ఇక్కడ పేటెంట్ ఆలోచన సబబే, ఎందుకంటే ఇది ఇంకా ఎవరూ చూడలేదు. అయినా ఐదు దేశాలు ఇప్పుడే అక్కర్లేదు. ముందు సొంత దేశంలో ఒక్క దరఖాస్తు వేయండి. ఆ తేదీని పట్టుకుని ఇతర దేశాల్లో వేయడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఆలోపు పేటెంట్ సహకార ఒప్పందం కింద అంతర్జాతీయ దరఖాస్తు వేస్తే, ఏయే దేశాల్లో ముందుకెళ్లాలో తేల్చుకోవడానికి మొదటి తేదీ నుంచి సాధారణంగా 30 నెలల సమయం దొరుకుతుంది. ఈ 30 నెలలూ ఊరికే కూర్చోరు మీరు, అమ్ముతారు. పంపు అమ్ముడుపోలేదంటే ఆపేస్తారు, అమ్ముడుపోయిందంటే ఆ లాభంతోనే మిగతా ఫీజు కడతారు. పొదుపు కరిగించి ఈరోజే ఐదు దేశాలు కొనడం కంటే ఇది ఎంతో నయం.

అంతర్జాతీయ దరఖాస్తుకు పేద దేశాల వారికి రుసుములో 90 శాతం తగ్గింపు ఉంది. అయితే అర్హత జాబితాలోని వర్ధమాన దేశాలకు అది వ్యక్తులకే, కంపెనీలకు కాదు. మావారి పేరు మీద వేసి హక్కు వర్క్‌షాపు కంపెనీకి అట్టేపెడతామంటే కుదరదు. అసలు హక్కుదారు ఎవరో చూస్తారు. ఎవరి పేరు మీద ఉండాలన్నది కుటుంబ ఆస్తి ప్రశ్న కూడా, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. కొన్ని దేశాల్లో వైపో ఆవిష్కర్తల సహాయ కార్యక్రమం కింద పేటెంట్ లాయర్లు ఉచితంగా సాయం చేస్తారు. కొలంబియా, మొరాకో, ఫిలిప్పీన్స్‌లలో మొదలైంది. మీ పేటెంట్ కార్యాలయంలో అడిగి చూడండి.

లెక్క ఇలా వేసుకోండి. ఎనిమిది నెలల పొదుపులో ఆరు నెలలది ముట్టుకోకండి, పనివాళ్ల జీతం ఆగకూడదు. మిగిలిన రెండు నెలల సొమ్ములో సగం పేరుకీ కాగితాలకీ, పావు కొత్త వాల్వు మొదటి దరఖాస్తుకి. చివరి పావు నకలు చేసేవాళ్లకు పంపే నోటీసులకోసం అట్టేపెట్టండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. రిజిస్ట్రేషన్ పత్రం కాపలావాడు కాదు, నకలు చేసేవాడి మీదకు వెళ్లే హక్కు మాత్రమే. వెళ్లడానికి చేతిలో డబ్బు లేకపోతే పత్రం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. రెన్యువల్ కూడా రాసుకోండి: ట్రేడ్‌మార్క్‌కు చాలా చోట్ల పదేళ్లకోసారి, పేటెంట్‌కు చాలా దేశాల్లో ఏటేటా, అదీ పెరుగుతూ పోతుంది, 20 ఏళ్ల దాకా.

దరఖాస్తు ప్రచురితమయ్యాక ప్రభుత్వ ముద్రలాంటిదేసి ‘వెంటనే కట్టండి’ అని బిల్లులు వస్తాయి. చాలావరకు మోసం, వైపో కూడా వీటి గురించి హెచ్చరిస్తోంది. మీ ఏజెంట్‌కు చూపించనిదే పైసా కట్టకండి.

ఎగ్జిబిషన్ మూడు నెలల్లో అన్నారు. ఆ రోజుకి కొత్త వాల్వు దరఖాస్తు రసీదు చేతిలో ఉంటే కొత్త మోడల్ పెట్టండి. లేకపోతే పాత పంపే తీసుకెళ్లండి. కొత్తదాని ఫొటో కూడా ఫోన్‌లోంచి ఎవరికీ పంపకండి, ఆ డిస్ట్రిబ్యూటర్‌కు కూడా.