స్వేన్యో: నిద్రా, కలా?

చిరంజీవి చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్నే చూశాను. "తెంగో ఉన్ స్వేన్యో, రేపు మాట్లాడతా" అని పెట్టావు. నిద్రొస్తోందని నీ ఉద్దేశం. కానీ స్పానిష్‌లో ఆ మాటకు "నాకో కల ఉంది" అని అర్థం, అంటే జీవితంలో సాధించాలనుకునే కల. మధ్యలో 'ఒక' అనే ఆ 'ఉన్' తీసేసి "తెంగో స్వేన్యో" అంటే చాలు, కళ్లు మూతలు పడుతున్నాయని చెప్పినట్టే.

మాడ్రిడ్‌కు వచ్చిన కొత్తలో ఒక రాత్రి నేనూ ఇదే అన్నాను. గిన్నెలు కడుగుతున్న ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "కువాల్?" అని అడిగింది, ఏమిటా కల అని. ఆవిడ అంత ఆత్రంగా నా ముఖంలోకి చూడటం ఇప్పటికీ గుర్తే. ఒక్క 'ఉన్' ఎంత పని చేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది.

లాటిన్‌లో నిద్రకు సోమ్నుస్, కలకు సోమ్నియుమ్ అని వేరువేరు మాటలుండేవి. జనం నోళ్లలో నాని, స్పానిష్‌కు వచ్చేసరికి రెండూ ఒకే రూపంలోకి వచ్చాయి. మన 'స్వప్నం' కూడా సోమ్నుస్‌కు చుట్టమే, రెంటికీ మూలం ఒక్కటే. సంస్కృతంలో స్వప్నం అంటే నిద్ర కూడా. తెలుగులో మనకు కల ఒక్కటే మిగిలింది.

అందుకని అర్థాలు బట్టీపట్టకు తల్లీ, ఆ మాట పక్కన ఏముందో చూడు. "మే ద స్వేన్యో" అంటే అది నాకు నిద్ర తెప్పిస్తోందని. "మే కీతా ఎల్ స్వేన్యో" అంటే ఆ దిగులుతో నిద్ర పట్టడం లేదని. బహువచనంలో 'స్వేన్యోస్' అని వినిపిస్తే మాత్రం దాదాపు ఎప్పుడూ కలలే. "నీ ఎన్ స్వేన్యోస్" మన "కలలో కూడా" లాంటిదే, ఎవరైనా ఏదైనా అడిగితే ససేమిరా అనడానికి వాడతారు.

ఇంకో చిక్కుంది. 'నేను కల కంటున్నాను' అన్న క్రియ కూడా స్వేన్యోనే. "స్వేన్యో కోన్ మి మాద్రే" అంటారు. 'కోన్' అంటే 'తో'. మనకైతే అమ్మ కలలోకి వస్తుంది, వాళ్లు అమ్మతో కల కంటారు. ఇది అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

రాసేటప్పుడు 'ఎన్' అక్షరం మీద అల లాంటి గీత మరవకు. ఫోన్‌లో ఆ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తుంది. అది లేకపోతే 'స్వేనో' అవుతుంది, 'నేను మోగుతాను' అని అర్థం మారిపోతుంది.

అన్నిసార్లూ పక్క మాటలు కూడా తేల్చవు. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 చిత్రాల్లో 43వది చూడు. బల్ల మీద తల వాల్చిన మనిషి, వెనక గుడ్లగూబలు, గబ్బిలాలు. దాని మీద 'వివేకపు స్వేన్యో రాక్షసులను పుట్టిస్తుంది' అని ఉంటుంది. వివేకం నిద్రపోతేనా, కల కంటేనా? అనువాదకులు ఇప్పటికీ రెండు రకాలుగానూ రాస్తారు. నాకు మాత్రం నిద్రే అనిపిస్తుంది, ఆ వాలిన తల చూస్తే.

ఈ ఆదివారంలోగా 'ఉన్'తో ఒకటి, 'ఉన్' లేకుండా ఒకటి, రెండు వాక్యాలు రాసి పంపు. 'ఉన్'తో రాసేది మాత్రం నిజంగా నీ మనసులో ఉన్నదే రాయి. చేతులు తుడుచుకుని కూర్చుని చదువుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ