మూడు వేల హుడీలో ఏం చూడాలి?

ప్రశ్న: ఒక హుడీ రూ.900, చూడ్డానికి అలాంటిదే ఇంకొకటి రూ.3,000. తేడా ఎలా కనిపెట్టాలండీ? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు జీఎస్ఎం, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో అడగండి. మన చలికి 280–320 చాలు. 400 ఢిల్లీ చలికి. అయితే బరువే నాణ్యత కాదు. లోపలివైపు తిప్పి వేలితో గట్టిగా రుద్దండి. నూగు ఊడొస్తుంటే నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది.

అసలు సంగతి మణికట్టు దగ్గరి సాగే పట్టీ, అంటే రిబ్‌లో తెలుస్తుంది. బాగా సాగదీసి వదలండి, టక్కున ముడుచుకోవాలి. లైక్రా (సాగే దారం) కలపని రిబ్ త్వరగా వదులైపోయి, పైకి లాగిన చెయ్యి నిలవదు. టోపీ రెండు పొరలుండాలి, ఒంటిపొరది చతికిలబడుతుంది. జేబు మూలల్లో దట్టమైన అడ్డకుట్టు లేకపోతే చిరుగు అక్కడే మొదలవుతుంది. నూరు శాతం కాటనైతే ‘ప్రీ-ష్రంక్’ (ముందే కుదించిన బట్ట) అని ఉందేమో చూడండి, లేకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఇవన్నీ ఉంటే మూడు వేలు పెట్టొచ్చు. ఛాతీ మీది పేరు కోసమైతే మాత్రం వద్దు.